గోడ గుండా దూరే ఎలక్ట్రాన్లు: టన్నెల్ ట్రాన్సిస్టర్‌ను లెక్కగట్టేదెలా?

భిలాయ్‌లో రైలు దిగే తెలుగువాళ్లకు 'పవర్ హౌస్' అన్న మాట బాగా పరిచయం. హౌరా–ముంబై ప్రధాన రైలు మార్గంలో ఉన్న ఆ స్టేషన్ పేరూ అదే, దాని చుట్టుపక్కల ప్రాంతం పేరూ అదే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారంలో పనుల కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. అలాంటి కర్మాగారంలో కరెంటును మెగావాట్లలో లెక్కపెడతారు. అదే ఊళ్లో ఎవరి జేబులోని ఫోన్ తీసి చూసినా దాని చిప్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కొక్కటి వాడుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. కానీ అన్నీ కలిస్తే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ సాయంత్రానికి అయిపోతుంది. అలాంటి చిప్‌లు లక్షల్లో పనిచేసే డేటా కేంద్రాలకైతే సొంతంగా ఒక విద్యుత్ కేంద్రమే కావలసి వస్తోంది.

ట్రాన్సిస్టర్లను చిన్నవి చేస్తూ పోతే కరెంటు ఖర్చు కూడా తగ్గుతూ పోవాలి కదా? చాలా ఏళ్ల పాటు అలాగే జరిగింది. తర్వాత ఆగిపోయింది. దానికి కారణం ఇంజనీర్ల చేతకానితనం కాదు. అడ్డుపడింది ఒక భౌతిక నియమం. ఆ నియమాన్ని పక్కకు తప్పుకుని వెళ్లేందుకు వెతికిన దారుల్లో ఒకటి టన్నెల్ ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్. క్లుప్తంగా టీఫెట్ అంటారు. ఇది ఎలా పనిచేస్తుంది, దాని పనితీరును తయారు చేయకముందే కాగితం మీద ఎలా లెక్కగడతారు, ఆ పనిలో తెలుగు నేల నుంచి వచ్చిన శాస్త్రవేత్తల పాత్ర ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

అరవై మిల్లీవోల్టుల గీత

నేటి చిప్‌లలో ఉన్నది మాస్‌ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్. దీన్ని ఒక స్విచ్‌గా ఊహించుకోవచ్చు. ఒక చివర 'సోర్స్', అంటే ఎలక్ట్రాన్లు బయలుదేరే చోటు. మరో చివర 'డ్రెయిన్', అవి చేరుకునే చోటు. మధ్యలో 'ఛానెల్' అనే దారి. ఆ దారి పైన 'గేట్' అనే లోహపు పలక ఉంటుంది. గేట్‌కూ ఛానెల్‌కూ నడుమ పలుచని ఆక్సైడ్ పొర ఉండటంతో కరెంటు గేట్‌లోకి పారదు. గేట్‌పై వోల్టేజి లేనప్పుడు సోర్స్‌కూ ఛానెల్‌కూ మధ్య ఒక శక్తి గోడ నిలబడి ఉంటుంది. వోల్టేజి ఇస్తే ఆ గోడ ఎత్తు తగ్గుతుంది. ఎలక్ట్రాన్లు దాన్ని దాటి అవతలికి పారతాయి.

ఇక్కడే చిక్కు ఉంది. సోర్స్‌లోని ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే శక్తి ఉండదు. ఉష్ణోగ్రత వల్ల కొన్నిటికి ఎక్కువ శక్తి, చాలావాటికి తక్కువ శక్తి ఉంటుంది. ఎక్కువ శక్తి ఉన్నవాటి సంఖ్య ఒక్కసారిగా సున్నా కాదు. పైకి వెళ్లే కొద్దీ నిర్ణీత నిష్పత్తిలో పలుచబడుతూ పోతుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'బోల్ట్‌జ్‌మన్ తోక' అంటారు. గోడ ఎంత ఎత్తున్నా ఆ తోకలోని కొన్ని వేడి ఎలక్ట్రాన్లు దాటుతూనే ఉంటాయి. స్విచ్ ఆపేసినా కారే కరెంటు ఇదే.

ఆ నిష్పత్తి ఎంత? గది ఉష్ణోగ్రత, అంటే సుమారు 300 కెల్విన్ దగ్గర, ఉష్ణ శక్తి దాదాపు 26 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. గోడ ఎత్తు ఇంత మేర పెరిగిన ప్రతిసారీ దాటే ఎలక్ట్రాన్ల సంఖ్య 2.718వ వంతుకు పడిపోతుంది. పదో వంతుకు పడిపోవాలంటే దానికి 2.3 రెట్లు, అంటే దాదాపు 60 మిల్లీవోల్టులు కావాలి. గేట్ ఎంత చక్కగా పనిచేసినా, తయారీ ఎంత శుభ్రంగా ఉన్నా, గది ఉష్ణోగ్రతలో కరెంటును పది రెట్లు మార్చడానికి మాస్‌ఫెట్‌కు కనీసం 60 మిల్లీవోల్టులు తప్పవు. ఈ కొలతను 'సబ్‌థ్రెషోల్డ్ స్వింగ్' అంటారు. ఇది ఎంత తక్కువైతే స్విచ్ అంత చురుకైనది.

దీని ప్రభావం చిన్న లెక్కతో తెలుస్తుంది. స్విచ్ వేసినప్పుడు, ఆపినప్పుడు కరెంటు మధ్య కనీసం లక్ష రెట్ల తేడా కావాలనుకుందాం. లక్ష అంటే ఐదు సార్లు పది రెట్లు. ఆదర్శ మాస్‌ఫెట్‌కు కూడా దానికే 300 మిల్లీవోల్టులు ఖర్చవుతాయి. స్విచ్ వేశాక కరెంటు బలంగా పారేందుకు ఇంకొంత వోల్టేజి కావాలి. సరఫరా వోల్టేజిని తగ్గించి, దానికి సరిపడా గోడను 120 మిల్లీవోల్టులు కిందికి దించామంటే కారే కరెంటు వంద రెట్లు పెరుగుతుంది.

మరి వోల్టేజి తగ్గించడం ఎందుకంత ముఖ్యం? స్విచ్ ఒకసారి పనిచేసినప్పుడు ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజి సగమైతే ఖర్చు నాలుగో వంతు అవుతుంది. ట్రాన్సిస్టర్ కొలతలతో పాటు వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తూ పోవచ్చని 1974లో ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపించారు. చిప్ పరిశ్రమ మూడు దశాబ్దాల పాటు ఆ సూత్రంపైనే నడిచింది. 2000 దశకం మధ్యలో వోల్టేజి ఒక వోల్టు దగ్గరకు వచ్చేసరికి నెమ్మదించింది. అప్పటినుంచి ట్రాన్సిస్టర్లు చిన్నవవుతూనే ఉన్నా వోల్టేజి మాత్రం అదే వేగంతో దిగడం లేదు. కంప్యూటర్ల గడియార వేగం కూడా కొద్ది గిగాహెర్ట్‌జ్ దగ్గరే తచ్చాడుతోంది. దీని వెనుక ఉన్న ముఖ్య కారణం ఆ 60 మిల్లీవోల్టుల గీతే.

గోడ ఎక్కకుండా దాటడం

ఎలక్ట్రాన్ గోడ పైనుంచి దూకినంత కాలం ఈ గీత తప్పదు. అయితే క్వాంటం భౌతిక శాస్త్రం ఇంకో దారి చూపిస్తుంది. ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది. గోడ తగలగానే ఆ తరంగం అక్కడికక్కడే తెగిపోదు. గోడ లోపలికి వెళ్తూ క్షీణిస్తుంది. గోడ కొద్ది నానోమీటర్ల మందమే ఉంటే అవతలి వైపు కొంత మిగులుతుంది. అంటే ఆ ఎలక్ట్రాన్ అవతల కనిపించే అవకాశం కొంత ఉందన్నమాట. దీన్నే టన్నెలింగ్ అంటారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. రేడియోధార్మిక పరమాణువుల నుంచి ఆల్ఫా కణాలు ఎలా బయటపడతాయో 1928లో జార్జ్ గామోవ్ దీని సాయంతోనే వివరించారు. ఘన పదార్థాల్లో ఒక శక్తి పట్టీ నుంచి మరో పట్టీలోకి ఎలక్ట్రాన్లు ఇలా దూరవచ్చని 1934లో క్లారెన్స్ జీనర్ లెక్కగట్టారు. 1957లో జపాన్‌లో సోనీ సంస్థలో పనిచేస్తున్న లియో ఎసాకి దీనితో టన్నెల్ డయోడ్‌ను తయారు చేశారు. అందుకు ఆయనకు 1973లో నోబెల్ బహుమతి లభించింది. గేట్‌తో ఈ ప్రవాహాన్ని అదుపు చేయవచ్చన్న ఆలోచన 1978 నుంచే పరిశోధన పత్రాల్లో ఉంది. కానీ వోల్టేజి తగ్గడం ఆగిపోయి అవసరం ముంచుకొచ్చాకే అందరి దృష్టీ దీనిపై పడింది. 2004లో ఐబీఎంలో యోర్గ్ అపెంజెల్లర్ బృందం కార్బన్ నానోట్యూబ్‌తో చేసిన ట్రాన్సిస్టర్‌లో 60 కంటే తక్కువ స్వింగ్‌ను కొలిచి చూపించింది. 2007లో సిలికాన్ టీఫెట్‌లో 52.8 మిల్లీవోల్టులు నమోదైంది.

టీఫెట్ నిర్మాణంలో మాస్‌ఫెట్‌కు ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎన్-రకం మాస్‌ఫెట్‌లో సోర్స్, డ్రెయిన్ రెండూ ఎన్-రకమే. టీఫెట్‌లో సోర్స్ పీ-రకం, డ్రెయిన్ ఎన్-రకం, మధ్యలో దాదాపు శుద్ధ అర్ధవాహకం. సోర్స్‌లో ఎలక్ట్రాన్లు ప్రధానంగా కింది పట్టీలో, అంటే వేలెన్స్ బ్యాండ్‌లో ఉంటాయి. అవి చేరాల్సింది ఛానెల్‌లోని పై పట్టీకి, అంటే కండక్షన్ బ్యాండ్‌కు. ఆ రెండింటి నడుమ ఎలక్ట్రాన్లు నిలవలేని శక్తి అంతరం ఉంటుంది. బ్యాండ్ గ్యాప్ అనేది దీన్నే.

గేట్‌పై వోల్టేజి లేనప్పుడు సోర్స్‌లోని కింది పట్టీకి ఎదురుగా ఛానెల్‌లో ఉన్నది ఆ ఖాళీ అంతరమే. ఎలక్ట్రాన్ దూరుదామన్నా అవతల నిలబడే చోటు లేదు. వోల్టేజి పెంచితే ఛానెల్‌లోని పై పట్టీ కిందికి వంగుతుంది. అది సోర్స్‌లోని కింది పట్టీ అంచు కంటే దిగువకు రాగానే రెండింటి నడుమ ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలోని శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు మాత్రమే గోడ గుండా దూరతాయి.

60 మిల్లీవోల్టుల గీత ఇక్కడ ఎందుకు వర్తించదో ఇప్పుడు అర్థమవుతుంది. మాస్‌ఫెట్‌ను ఇబ్బంది పెట్టిన ఆ వేడి ఎలక్ట్రాన్ల తోక, టీఫెట్‌లో సోర్స్ సొంత శక్తి అంతరం ఉన్న చోట పడుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లకు స్థానమే లేదు. అంటే తోక తెగిపోయింది. శక్తి అంతరం ఒక జల్లెడలా పనిచేసి వేడి ఎలక్ట్రాన్లను వడగట్టేసింది.

తయారీకి ముందే లెక్క ఎందుకు?

ఆలోచన బాగానే ఉంది. కానీ ఏ పదార్థం వాడాలి, ఆక్సైడ్ ఎంత మందం ఉండాలి, గేట్ లోహం ఏది అన్న ప్రశ్నలకు వేలకొద్దీ కలయికలు ఉన్నాయి. ప్రతిదాన్నీ శుద్ధమైన గదిలో తయారు చేసి చూడటం సాధ్యం కాదు. కోట్ల ట్రాన్సిస్టర్లతో సర్క్యూట్ గీసే ఇంజనీరుకు కావలసింది వేరు. గేట్‌పై ఇంత, డ్రెయిన్‌పై ఇంత వోల్టేజి ఇస్తే కరెంటు ఎంత అని క్షణంలో చెప్పే సమీకరణం ఆయనకు కావాలి. గణిత నమూనా చేసే పని అదే.

నమూనాల్లో మూడు అంతస్తులు ఉన్నాయి. పై అంతస్తులో ఎలక్ట్రాన్‌ను పూర్తిగా క్వాంటం తరంగంగా చూసే లెక్కలు ఉంటాయి. ఇవి నమ్మదగినవే గానీ, ఒక్క ట్రాన్సిస్టర్‌కే పెద్ద కంప్యూటర్లు గంటలు, ఒక్కోసారి రోజులు తీసుకుంటాయి. రెండో అంతస్తులో టీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ట్రాన్సిస్టర్‌ను చిన్న చిన్న గళ్లుగా విడదీసి ప్రతి గడిలోనూ సమీకరణాలను సంఖ్యల రూపంలో సాధిస్తుంది. మూడోది 'కాంపాక్ట్ మోడల్'. పెన్నూ కాగితంతో రాబట్టిన సూత్రాల సముదాయం ఇది. 'స్పైస్' వంటి సర్క్యూట్ అనుకరణ సాఫ్ట్‌వేర్‌లో ఇదే కూర్చుంటుంది. భౌతిక శాస్త్రాన్ని వదలకుండా లెక్కను తేలిక చేయడమే ఇందులోని కష్టం.

ఈ కష్టమైన పనిలో పేరున్నవారు ప్రొఫెసర్ మామిడాల జగదీష్ కుమార్. ఉమ్మడి నల్గొండ జిల్లా మామిడాల ఆయన సొంతూరు. ఐఐటీ మద్రాస్‌లో పీహెచ్‌డీ చేసి, ఐఐటీ ఢిల్లీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులుగా పనిచేశారు. తర్వాతి కాలంలో జేఎన్‌యూ ఉపకులపతిగా, యూజీసీ అధ్యక్షులుగా వార్తల్లో ఎక్కువగా కనిపించారు గానీ, ఎలక్ట్రానిక్స్ పరిశోధకులకు ఆయన పేరు అంతకుముందే తెలుసు. రజత్ విష్ణోయ్, ప్రత్యూష్ పాండేలతో కలిసి టీఫెట్ నమూనాలపై ఆయన రాసిన పుస్తకాన్ని వైలీ సంస్థ 2016లో ప్రచురించింది.

లెక్కలోని మూడు మెట్లు

మొదటి మెట్టు వోల్టేజి పటం గీయడం. ట్రాన్సిస్టర్ లోపల ఏ బిందువు దగ్గర ఎంత విద్యుత్ పొటెన్షియల్ ఉందో పోయిసన్ సమీకరణం చెబుతుంది. దాన్ని రెండు దిశల్లో కచ్చితంగా సాధించడం కష్టం. అందుకని సిలికాన్ పొర మందం దిశలో పొటెన్షియల్ ఒక పారబోలా ఆకారంలో మారుతుందని అనుకుంటారు. అప్పుడు సమస్య ఒకే దిశకు కుదించుకుపోతుంది. ఫలితంగా ఒక ముఖ్యమైన పొడవు బయటపడుతుంది. సోర్స్ అంచు దగ్గర పట్టీలు ఎంత దూరంలో వంగుతాయో చెప్పే పొడవు ఇది. టన్నెలింగ్ గోడ మందం దాదాపు దీని మీదే ఆధారపడుతుంది. సిలికాన్ మందం, ఆక్సైడ్ మందం, ఆ రెండు పదార్థాల పర్మిటివిటీల నిష్పత్తి, ఈ మూడింటినీ గుణించి వర్గమూలం తీస్తే ఆ పొడవు వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. సిలికాన్ మందం 10 నానోమీటర్లు, ఆక్సైడ్ మందం 2 నానోమీటర్లు అనుకుందాం. మామూలు సిలికాన్ డయాక్సైడ్ అయితే పర్మిటివిటీల నిష్పత్తి 3. కాబట్టి పొడవు 60 వర్గమూలం, అంటే సుమారు 7.7 నానోమీటర్లు. అదే మందంతో హాఫ్నియం ఆక్సైడ్ వాడితే నిష్పత్తి దాదాపు 0.5కు పడిపోతుంది. పొడవు సుమారు 3.2 నానోమీటర్లు అవుతుంది. ఆక్సైడ్ ఒక్కటి మార్చినందుకే గోడ సగానికి పైగా పలుచబడింది.

రెండో మెట్టు, ఎలక్ట్రాన్ ఆ గోడ గుండా దూరే సంభావ్యతను లెక్కించడం. దీనికి డబ్ల్యూకేబీ అనే ప్రసిద్ధ ఉజ్జాయింపు పద్ధతి ఉంది. సంభావ్యత ఘాత రూపంలో తగ్గుతుందని అది చెబుతుంది. ఘాతాంకంలో మూడు అంశాలు కూర్చుని ఉంటాయి: గోడ మందం, పదార్థపు శక్తి అంతరం, ఆ పదార్థంలో ఎలక్ట్రాన్ చూపించే ప్రభావ ద్రవ్యరాశి. ఘాతాంకంలో ఉండటం వల్ల చిన్న మార్పు కూడా పెద్ద ఫలితాన్ని ఇస్తుంది. పై ఉదాహరణలో మొదటి గోడ గుండా లక్షకు ఒక ఎలక్ట్రాన్ దూరుతుందనుకుందాం. మిగతావన్నీ అలాగే ఉంచి గోడను 3.2 నానోమీటర్లకు పలుచన చేస్తే సుమారు నూటికి ఒకటి దూరుతుంది. సిలికాన్‌కు బదులు శక్తి అంతరం, ప్రభావ ద్రవ్యరాశి తక్కువగా ఉన్న ఇండియం ఆర్సెనైడ్ వంటి పదార్థాల కోసం పరిశోధకులు ఎందుకు వెంపర్లాడుతున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో మెట్టు కరెంటు. అర్ధవాహకంలో ఒక ఘనపు సెంటీమీటరులో సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు ఒక పట్టీ నుంచి మరో పట్టీలోకి దూరతాయో ఇవాన్ కేన్ 1960 దశకం ఆరంభంలో సూత్రీకరించారు. ఆ రేటు విద్యుత్ క్షేత్రం మీద ఆధారపడుతుంది. ప్రతి బిందువు దగ్గరా ఆ రేటు కనుక్కుని మొత్తం కలిపితే కరెంటు వస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ జారిపడే గొయ్యి ఒకటి ఉంది. కేన్ సూత్రం రాబట్టినప్పుడు విద్యుత్ క్షేత్రం దారి పొడవునా ఒకేలా ఉంటుందని అనుకున్నారు. టీఫెట్‌లో క్షేత్రం కొద్ది నానోమీటర్లలోనే బాగా మారిపోతుంది. ఒక బిందువు దగ్గరి క్షేత్రాన్ని తీసుకుని లెక్కేస్తే అసలు టన్నెలింగ్ జరగని చోట కూడా జరిగినట్టు చూపిస్తుంది. డ్రెయిన్‌పై వోల్టేజి సున్నా ఉన్నా కరెంటు పారుతోందని చెబుతుంది. ఇది అసాధ్యం. అందుకే ఎలక్ట్రాన్ బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటు దాకా ఉన్న మొత్తం దారిని చూడాలి. శక్తి అంతరాన్ని ఆ దారి పొడవుతో భాగిస్తే సగటు క్షేత్రం వస్తుంది. దారుల్లో అతి చిన్నదే కరెంటులో ఎక్కువ వాటా ఇస్తుంది కాబట్టి, ముందు దాన్ని పట్టుకుని, దాని చుట్టూ మిగతా లెక్కను అల్లుకుంటూ వస్తే కష్టమైన సమాకలనం ఒక చేతి సూత్రంగా మారుతుంది.

ఇంకో విషయం కూడా మరువకూడదు. ఎలక్ట్రాన్ గోడ దాటగానే పని అయిపోదు. ఛానెల్ మొత్తం నడిచి డ్రెయిన్ చేరాలి. విష్ణోయ్, జగదీష్ కుమార్ 2014లో ప్రచురించిన ఒక నమూనా ఈ రెండు దశలనూ, అంటే పట్టీల నడుమ టన్నెలింగ్‌నూ, ఛానెల్‌లోని ప్రవాహాన్నీ కలిపి లెక్కలోకి తీసుకుంది.

నమూనా ఏం చెబుతుంది?

మంచి నమూనా అంకెలు ఇవ్వడంతో ఆగదు, ఎందుకు అన్నదీ చెబుతుంది. టీఫెట్ స్వింగ్‌ను సూత్రం నుంచి రాబడితే అందులో రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి, గేట్ వోల్టేజితో కిటికీ ఎంత త్వరగా తెరుచుకుంటోంది అన్నది. రెండోది, గోడ ఎంత త్వరగా పలుచబడుతోంది అన్నది. కిటికీ అప్పుడే తెరుచుకుంటున్నప్పుడు స్వింగ్ చాలా తక్కువ. వోల్టేజి పెరిగే కొద్దీ ఆ ఊపు తగ్గి స్వింగ్ పెరుగుతుంది. మాస్‌ఫెట్‌లో స్వింగ్ కొంత మేర స్థిరంగా ఉంటుంది, టీఫెట్‌లో అలా ఉండదు.

కాబట్టి ఎవరైనా '40 మిల్లీవోల్టులు సాధించాం' అంటే వెంటనే రెండు ప్రశ్నలు వేయాలి. ఒక్క బిందువు దగ్గరా, లేక కరెంటు నాలుగైదు సార్లు పది రెట్లు పెరిగినంత మేరా? ఎంత కరెంటు దగ్గర? పనికిరానంత తక్కువ కరెంటు దగ్గర స్వింగ్ ఎంత బాగున్నా సర్క్యూట్‌కు లాభం లేదు. స్వింగ్ 60కి చేరేలోపు ఎంత కరెంటు అందుతోందన్నదే అసలైన కొలమానం.

నమూనాలు టీఫెట్ బలహీనతలనూ దాచవు. సిలికాన్ టీఫెట్‌లో స్విచ్ వేసినప్పటి కరెంటు మాస్‌ఫెట్‌తో పోలిస్తే చాలా తక్కువ. గేట్‌పై రుణ వోల్టేజి ఇస్తే ఆగిపోవాల్సింది పోయి, డ్రెయిన్ వైపు టన్నెలింగ్ మొదలై మళ్లీ కరెంటు పారుతుంది. సోర్స్, డ్రెయిన్ వేర్వేరు రకాలు కాబట్టి కరెంటు ఒక దిశలోనే సరిగ్గా నడుస్తుంది. రెండు దిశల్లోనూ కరెంటు పారాల్సిన మెమరీ సర్క్యూట్లను కొత్తగా గీయాల్సి వస్తుంది. గేట్‌కూ డ్రెయిన్‌కూ మధ్య కెపాసిటెన్స్ ఎక్కువ కావడం వేగాన్ని దెబ్బతీస్తుంది.

జబ్బు తెలిస్తే మందు వెతకవచ్చు. స్నేహ్ సౌరభ్, జగదీష్ కుమార్ 2011లో ఒకే గేట్‌ను రెండు లోహాలతో చేసే నిర్మాణాన్ని టీఫెట్‌కు ప్రతిపాదించారు. సోర్స్ వైపు వర్క్ ఫంక్షన్ తక్కువున్న లోహం పెడితే అక్కడ పట్టీలు ఎక్కువగా వంగి టన్నెలింగ్ పెరుగుతుంది. డ్రెయిన్ వైపు అది ఎక్కువున్న లోహం పెడితే కారే కరెంటు అదుపులో ఉంటుంది. 2013లో ఆయన మరో సహ పరిశోధకురాలితో కలిసి, సోర్స్, డ్రెయిన్‌లలో మలినాలను అసలే కలపని టీఫెట్‌ను ప్రతిపాదించారు. పలుచని సిలికాన్‌పై తగిన లోహాలను పెట్టి, వాటి ప్రభావంతోనే పీ-రకం, ఎన్-రకం ప్రాంతాలను పుట్టించడం ఇందులోని కిటుకు. మలినాలను దింపడానికి కావలసిన అధిక ఉష్ణోగ్రతలు తప్పుతాయి. మలిన పరమాణువులు ఎక్కడ పడితే అక్కడ కూర్చోవడం వల్ల ఒక ట్రాన్సిస్టర్‌కూ మరో ట్రాన్సిస్టర్‌కూ వచ్చే తేడాలూ తగ్గుతాయి.

నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని కొల్లాపూర్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ వి. రాంగోపాల్ రావు ఐఐటీ బాంబేలో ఉండగా ఆయన బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. మామూలు టీఫెట్‌లో టన్నెలింగ్ సోర్స్ అంచు వెంట సన్నని గీత లాంటి చోటే జరుగుతుంది. టన్నెలింగ్ పొరను మధ్యలో ఇరికించినట్టు అమర్చి, ఆ గీతను విశాలమైన ప్రాంతంగా మార్చే నిర్మాణాన్ని వీరు 2011లో ప్రతిపాదించారు. ప్రాంతం పెరిగితే కరెంటు పెరుగుతుంది. సరఫరా వోల్టేజిని 0.6 వోల్టుల కంటే దిగువకు దించుతూనే మామూలు చిప్‌లతో పోల్చదగ్గ పనితీరు సాధించడం వారి లక్ష్యం. రాంగోపాల్ రావుకు 2013లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. ఆ తర్వాత ఆయన ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్‌గా పనిచేశారు.

కొలిమి పక్కన ఒక సెన్సర్

ఇదంతా ఎక్కడ ఉపయోగం? మళ్లీ భిలాయ్ లాంటి ఉక్కు నగరాన్నే తీసుకుందాం. కొలిముల చుట్టూ, రోలింగ్ మిల్లుల వెంట ఉష్ణోగ్రత, కంపనం, వాయువులను కనిపెట్టే సెన్సర్లు కావాలి. మనిషి తరచూ వెళ్లలేని చోట పెట్టిన వైర్‌లెస్ సెన్సర్‌కు బ్యాటరీ మార్చడమే పెద్ద పని. అలాంటి సెన్సర్ ఎక్కువ సమయం నిద్రపోతూ, అప్పుడప్పుడు లేచి ఒక కొలత పంపుతుంది. దానికి గొప్ప వేగం అక్కర్లేదు. నిద్రలో కారే కరెంటు మాత్రం దాదాపు సున్నా కావాలి. టీఫెట్ స్వభావానికి సరిగ్గా సరిపోయే పని ఇది.

వేడి సంగతి కూడా చూడాలి. మాస్‌ఫెట్ కనీస స్వింగ్ ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 ఉన్నది, మధ్య భారతపు వేసవిలో 45 డిగ్రీలకు 63 అవుతుంది. 100 డిగ్రీల దగ్గర 74 మిల్లీవోల్టులకు చేరుతుంది. స్విచ్ మొద్దుబారుతుంది, కారే కరెంటు పెరుగుతుంది. పట్టీల నడుమ జరిగే టన్నెలింగ్‌కు ఉష్ణోగ్రతతో సంబంధం చాలా తక్కువ. వేడికి శక్తి అంతరం కొద్దిగా తగ్గడం వల్ల వచ్చే మార్పు మాత్రమే ఉంటుంది.

కానీ ప్రయోగశాలలో తయారైన టీఫెట్‌లు కాగితం మీది టీఫెట్‌లంత బాగా పనిచేయవు. ఆక్సైడ్ అంచులో, పదార్థాలు కలిసే చోట లోపాలు ఉంటాయి. శక్తి అంతరం మధ్యలో అవి మెట్లలా నిలుస్తాయి. ఎలక్ట్రాన్ ఒకేసారి గోడ దూరాల్సిన పని లేకుండా, వేడి సాయంతో ఆ మెట్టు మీద ఆగి అవతలికి జారుకుంటుంది. జల్లెడకు చిల్లులు పడ్డట్టే. పైగా ఈ దొంగదారి వేడికి ఇంకా తెరుచుకుంటుంది. అందువల్ల లోపాల లెక్కను వదిలేసిన నమూనా ఎప్పుడూ ఆశావాదే. ఒక టీఫెట్ ఫలితం గురించి చదివినప్పుడు అది కంప్యూటర్ లెక్కా, ప్రయోగశాల కొలతా అని మొదట చూసుకోవడం మంచిది.

కొలతల్లోనూ ప్రగతి లేకపోలేదు. 2015లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో దెబ్లీనా సర్కార్, కౌస్తవ్ బెనర్జీ బృందం జెర్మేనియం మీద పరమాణు మందపు మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరను పేర్చింది. కరెంటు నాలుగు సార్లు పది రెట్లు మారినంత మేరా సగటున 31.1 మిల్లీవోల్టుల స్వింగ్‌ను 0.1 వోల్టు డ్రెయిన్ వోల్టేజి దగ్గర కొలిచింది. 2016లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిలువు నానోతీగలతో 48 మిల్లీవోల్టులు చూపించారు. స్వింగ్‌తో పాటు చెప్పుకోదగ్గ కరెంటు కూడా అందడం ఆ ఫలితంలోని విశేషం.

టీఫెట్ వచ్చి మాస్‌ఫెట్‌ను తుడిచిపెట్టేస్తుందని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. వేగం కావలసిన చోట మాస్‌ఫెట్, పొదుపు కావలసిన చోట టీఫెట్ ఉండేలా రెండూ ఒకే చిప్‌పై పనులు పంచుకోవచ్చన్నది వాస్తవానికి దగ్గరి అంచనా. అది ఎక్కడ లాభం, ఎక్కడ నష్టం అని తేల్చడానికి నమ్మకమైన నమూనా కావాలి. టీక్యాడ్ సాఫ్ట్‌వేర్, ఒక మంచి కంప్యూటర్, భౌతిక శాస్త్రం మీద పట్టు ఉంటే ఈ పనికి కోట్ల రూపాయల తయారీ కేంద్రం అక్కర్లేదు. మన దేశంలో ఈ రంగంలో ఇన్ని పరిశోధన పత్రాలు రావడానికి అదొక కారణం. ఇంజనీరింగ్ చదువుతున్న విద్యార్థి కూడా పోయిసన్ సమీకరణంతో మొదలుపెట్టి, పై మూడు మెట్లూ ఎక్కి, తన సూత్రం ఇచ్చిన గీతను టీక్యాడ్ గీత పక్కన పెట్టి పోల్చి చూడవచ్చు. డ్రెయిన్ వోల్టేజి సున్నా చేస్తే కరెంటు సున్నా అవుతోందా, ఆక్సైడ్ మందం మార్చినా కొత్తగా సవరణలు చేయకుండానే రెండు గీతలూ కలుస్తున్నాయా అన్నవి ఆ సూత్రానికి పెట్టాల్సిన మొదటి పరీక్షలు.